సియెనా మైదానం

మా కళాశాల వార్షిక సంచికకు వెనుక అట్ట లేదు. ఉన్నవి రెండూ ముందు అట్టలే. ఒకవైపు నుండి తెరిస్తే తెలుగు, రెండవవైపు నుండి తెరిస్తే ఉర్దూ. తెలుగు పుటలు ఎడమ నుండి కుడికి, ఉర్దూ పుటలు కుడి నుండి ఎడమకు నడచివచ్చి, నడుమ ఒకచోట ఎదురెదురుగా నిలుస్తాయి. ఈ సంచికను చేతబట్టిన విద్యార్థులలో ఆ నడిమి చోటు దాకా పోయినవారు ఎందరో మేము ఎరుగము. మేము మాత్రం చాలా ఏండ్లు పోలేదు. పోలేదన్న సంగతి మాకు తెలిసివచ్చింది ఈ కళాశాలలో కాదు. ఇటలీ దేశంలో, సియెనా అనే కొండ మీది ఊరిలో, ఆ ఊరి నడిబొడ్డున ఉన్న మైదానంలో. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము అనగా ఇద్దరము: తెలుగు శాఖలో పనిచేస్తున్న ఈ వ్యాసకర్త, ఉర్దూ శాఖలో పనిచేసిన మా సహాధ్యాపకులు. వారు మాకంటె పదిహేనేండ్లు పెద్దవారు. మేము వారిని భాయీసాబ్ అనేవారము. వారు మమ్మల్ని మియా అని పిలిచేవారు. సంచిక సంపాదకత్వం ఇద్దరి మీదా ఉండేది. ప్రతి సంవత్సరం చలికాలం వచ్చిందంటే అచ్చుపని తలనొప్పి మొదలయ్యేది. తెలుగు పుటలు ఒక ముద్రణాలయంలో, ఉర్దూ పుటలు మరొకచోట సిద్ధమయ్యేవి. ఒకవైపు పని ముగిస్తే మరొకవైపు ముగిసేది కాదు. మీకు ఎన్ని పుటలు, మాకు ఎన్ని పుటలు అనే లెక్క ఏటా తెగేది కాదు. విసిగి, 2018లో మేమిద్దరము కలిసి ఒక లేఖ వ్రాశాము. ఇకమీదట తెలుగు సంచిక వేరుగా, ఉర్దూ సంచిక వేరుగా వెలువరించడానికి అనుమతించవలసిందని కళాశాల కమిటీ వారికి అందులో మనవి చేసుకున్నాము. వేసవి సెలవుల తరువాత సమర్పించాలని అనుకున్న ఆ లేఖ భాయీసాబ్ చేతిసంచిలోనే ఉండిపోయి, మాతో పాటు ఇటలీ వచ్చింది.

ఇటలీ ప్రయాణానికి కారణం భాయీసాబ్ తమ్ముడు. అతడు ఉద్యోగరీత్యా ఫ్లోరెన్సు నగరంలో ఉండేవాడు. అన్నగారిని రమ్మని రెండేండ్లుగా పోరుతున్నాడు. ఒంటరి ప్రయాణం చేయలేనని భాయీసాబ్ మమ్మల్ని తోడు అడిగారు. దాచుకున్న నాలుగు రాళ్ళు ఖర్చుచేసి మేమూ బయలుదేరాము. రంజాను మాసం ఆ ఏడు మే మధ్యలో ప్రారంభం కానున్నది కనుక, మే మొదటి వారంలోనే వెళ్ళి రావాలని నిశ్చయించుకున్నాము.

ఫ్లోరెన్సు నుండి సియెనాకు బస్సులో గంటంబావు ప్రయాణం. దారి పొడవునా గుట్టలు, గుట్టల మీద ద్రాక్షతోటలు, ఆలివు చెట్లు, గట్ల వెంట నిటారుగా నిలిచిన సైప్రస్ వృక్షాలు. సియెనా మూడు కొండచరియల మీద నిర్మించిన నగరం. పాత ఊరిలో వీధులు ఇరుకు. ఇరువైపులా ఎత్తైన ఇటుక గోడలు. ఆ ఇటుకలకు, ఇంటి కప్పులకు ఎరుపు కాని గోధుమ కాని ఒక వింత రంగు. చిత్రకారులు వాడే సియెనా వర్ణానికి పేరు ఈ ప్రాంతపు మన్ను వలననే వచ్చింది.

వీధులలో నడుస్తుండగా చెవిన పడే మాటలను మేము ఆసక్తితో విన్నాము. ఇటాలియన్ భాషలో మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. ఊరిలో కనిపించే పేర్లన్నీ అంతే: పియాట్సా, తోర్రే, ఫోంతే, పలాట్సో. తెలుగుకు తూర్పుదేశపు ఇటాలియన్ అనే పేరు రావడానికి కారణం ఈ అజంతత్వమేనని తరగతిలో ఎన్నోసార్లు చెప్పినవారమే. అయినా చెవితో వినడం వేరు. భాయీసాబ్ నవ్వి, "మియా, ఇక్కడ అందరూ మీవైపు పుటల భాషే మాట్లాడుతున్నారు!" అన్నారు. వారి మాటలోని ఆ 'మీవైపు' అనే పదం అప్పుడు మాకు తప్పుగా తోచలేదు.

నగర మధ్యంలోని ఆ చోటును పియాట్సా దెల్ కాంపో అంటారు. కాంపో అంటే పొలం, మైదానం. "అయితే మన మైదానమే" అన్నారు భాయీసాబ్. నిజమే. మైదానం ఉర్దూ మాట. తెలుగు మాట కూడా. ఎవరింటి నుండి ఎవరింటికి వచ్చిందో మరచిపోయేటంతగా ఇద్దరి సొత్తు అయిన మాట.

ఆ మైదానంలోకి పదకొండు సందులు దారితీస్తాయి. చీకటిగా, చల్లగా ఉన్న ఒక సందులో నుండి మేము దిగాము. పది అడుగుల ముందు వరకు అక్కడ అంత చోటు ఉన్నదన్న జాడ లేదు. ఒక్కసారిగా గోడలు తొలగి ఆకాశం విచ్చుకున్నది. మా ముందు ఆల్చిప్ప ఆకారంలో, ఎర్ర ఇటుకలు పరచిన విశాలమైన నేల. అది సమతలం కాదు. చుట్టూ ఉన్న మేడల వద్ద ఎత్తుగా మొదలై, ఎదురుగా ఉన్న నగరసభా భవనం వైపుకు పళ్ళెంలా వాలి ఉన్నది. ఆ వాలు మీద జనం ఇంటి అరుగు మీద కూర్చున్నంత నిశ్చింతగా కూర్చున్నారు, కొందరు పడుకున్నారు. పిల్లలు పైనుండి కిందికి పరుగెత్తుతున్నారు. బల్లలు లేవు, కంచెలు లేవు. నేలే ఆసనం.

ఆ ఇటుక నేలను తెల్లరాతి గీతలు తొమ్మిది భాగాలుగా విభజిస్తున్నాయి. 1287 నుండి 1355 వరకు ఈ నగరాన్ని తొమ్మండుగురు సభ్యుల మండలి పరిపాలించింది. ఆ తొమ్మండుగురికి గుర్తుగానే ఈ తొమ్మిది భాగాలు. ప్రతి మండలికి పదవీకాలం రెండు నెలలే. తరువాత వేరు తొమ్మండుగురు రావలసిందే. ఆ గీతలన్నీ విసనకర్ర పుల్లలవలె పైనుండి వచ్చి, భవనం ముందర ఒకచోట కలుస్తాయి. అక్కడ ఒక తూము. వాన కురిస్తే తొమ్మిది భాగాల నీరూ జారివచ్చి ఆ తూములోనే పడుతుంది. ఏ భాగపు నీరు ఏదో ఆ తరువాత చెప్పగలవారు లేరు.

ఈ మైదానం ఇక్కడే ఎందుకు ఏర్పడింది? సియెనా మొదట ఒక్క ఊరు కాదు. మూడు కొండచరియల మీద మూడు వాడలుండేవి. ఆ మూడు చరియలు కలిసే పల్లంలో, ఏ వాడదీ కాని చోట, సంత జరిగేది. ఎవరిదీ కాదు కనుకనే అది అందరిదీ కాగలిగింది. అయితే అందరిదీ అయినదాన్ని కాపాడడానికి కట్టుబాటు అవసరం. మైదానం చుట్టూ ఇండ్లు కట్టుకునేవారికి 1297లో ఒక నిబంధన విధించారు. మైదానం వైపు తెరచే కిటికీలు చిన్న స్తంభాలతో ఒకే తీరుగా ఉండాలి; వసారాలు ముందుకు చొచ్చుకొని రాకూడదు. ఎంతటి ధనవంతుడైనా తన ఇంటిని మైదానం లోపలికి జరుపుకోవడానికి వీలులేదు. అదే సంవత్సరం నగరసభా భవనమైన పలాట్సో పుబ్లికో నిర్మాణం కూడా ఆరంభమైంది. ఏడు వందల ఏండ్ల తరువాత ఇద్దరు పరదేశులు వచ్చి, ఆ గోడల వరుసలో చెదరని పొందికను చూచి ఆశ్చర్యపోయారంటే, ఆ గొప్ప శిల్పులది ఎంతో నిబంధనలది కూడా అంతే.

భవనం పక్కన తోర్రే దెల్ మాంజా అనే గంటగోపురం ఉన్నది. 1338లో మొదలై 1348 నాటికి పూర్తయింది. ఎత్తు సుమారు 88 మీటర్లు. మాంజా అనేది మొదట గంట కొట్టేవాడిగా ఉండిన వాని ఎగతాళి పేరులోని ముక్క. వచ్చిన రాబడినంతా తినివేసేవాడని దాని అర్థం. నాలుగు వందల మెట్లు ఎక్కడానికి భాయీసాబ్ మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆయనను విడిచి మేము ఎక్కలేదు. వాలు పైభాగాన ఫోంతే గాయా అనే నీటితొట్టి వద్ద కొంతసేపు కూర్చున్నాము. ఫోంతే గాయా అంటే ఆనందపు ఊట. ఈ నగరానికి నది లేదు. కొండల గర్భంలో సుమారు 25 కిలోమీటర్ల పొడవున సొరంగాలు తొలిచి నీటిని రప్పించుకున్నారు. 1342లో ఆ నీరు ఈ మైదానానికి చేరింది. తరువాత యాకోపో దెల్లా క్వెర్చా అనే శిల్పి 1419 నాటికి ఈ తొట్టిని పాలరాతి శిల్పాలతో అలంకరించాడు. ఎండకూ వానకూ అవి శిథిలమైపోగా 19వ శతాబ్దంలో నకలు నిలిపి, అసలు శిల్పాలను భద్రపరిచారు. హైదరాబాదులో చార్‌కమాన్ నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ మాకు జ్ఞాపకం వచ్చింది. అదీ నాలుగు దారులకు నడుమ ఉన్న నీటి చోటే. నడుమ నీరుంటే నలుగురూ చేరతారు.

మధ్యాహ్నం పలాట్సో పుబ్లికో లోపలికి వెళ్ళాము. తొమ్మండుగురు కూర్చుని పాలించిన గది గోడల మీద అంబ్రోజో లోరెంజెత్తి అనే చిత్రకారుడు 1338, 1339 సంవత్సరాలలో చిత్రించిన కుడ్యచిత్రాలున్నాయి. సత్పరిపాలన, దాని ఫలితాలు రెండు గోడల మీద. దుష్పరిపాలన మరొక గోడ మీద. పాలకులు తల ఎత్తితే చాలు, తాము చేయవలసినదీ చేయకూడనిదీ కన్నుల ముందుంటుంది.

ఆ చిత్రంలో ఒకచోట న్యాయదేవత త్రాసు పట్టుకొని కూర్చున్నది. త్రాసు రెండు పళ్ళేల నుండి రెండు దారాలు కిందికి దిగుతాయి. కింద కూర్చున్న సామరస్యదేవత ఆ రెంటినీ ఒక తాడుగా పేని పౌరులకు అందిస్తున్నది. ఇరవైనలుగురు పౌరులు వరుసగా నిలిచి ఆ తాడును పట్టుకొని నడుస్తున్నారు. తాడు వారిని కట్టలేదు; వారే తాడును పట్టుకున్నారు. సామరస్యదేవత ఒడిలో ఉన్న వస్తువు ఏమిటా అని దగ్గరకు వెళ్ళి చూచాము. అది వడ్రంగి చిత్రిక! ఎగుడుదిగుళ్ళను నునుపు చేసే చిత్రిక. సామరస్యం ఆకాశం నుండి ఊడిపడదనీ, ప్రతి దినం కూర్చుని చిత్రిక పట్టుకోవలసిన పని అనీ ఆ చిత్రకారుడు ఎరుగును.

పక్క గోడ మీద సత్పరిపాలన గల నగరం. యువతులు చేతులు పట్టుకొని నాట్యమాడుతున్నారు. మేస్త్రీలు పైకప్పు కడుతున్నారు. చెప్పులు అమ్మే అంగడి ఉన్నది. దాని దాపున ఒక ఉపాధ్యాయుడు పాఠం చెబుతుంటే విద్యార్థులు కూర్చుని వింటున్నారు. నగరం బాగున్నదని చూపడానికి ఆ చిత్రకారుడు రాజును, సింహాసనాన్ని గీయలేదు. అంగడి పక్క తరగతిగదిని గీశాడు. మా ఇద్దరి కన్నులూ ఆ ఉపాధ్యాయుని మీదనే చాలాసేపు నిలిచాయి.

అక్కడే మాకు ఆ నగర శాసనగ్రంథపు చరిత్ర తెలిసింది. సియెనా చట్టాలన్నీ మొదట లాటిన్ భాషలో ఉండేవి. లాటిన్ పండితులకే అర్థమయ్యే భాష. 1309లో ఈ నగర పాలకులు ఒక నిర్ణయం చేశారు. చట్టాల నన్నింటినీ జనం మాట్లాడే భాషలోకి మార్చి, పెద్ద అక్షరాలతో చదవడానికి అనువుగా వ్రాయించి, పేదవారు, లాటిన్ రానివారు సైతం వచ్చి చూచుకొనేటట్టు ఉంచాలని. రానియేరి గాంగలాండి అనే లేఖకుడు ఆ పని చేశాడు. ఆ గ్రంథం నేటికీ ఆ నగర దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉన్నది. అంబ్రోజో చిత్రాల కింద వ్రాసిన పద్యాలు కూడా లాటిన్‌లో కాదు, జనుల భాషలోనే ఉన్నాయి. నేల అందరిదైతే చాలదు, అక్షరం కూడా అందరిదీ కావాలని వారు తలచారు.

ఇంత చెప్పినంత మాత్రాన సియెనా స్వర్గమని మా అభిప్రాయం కాదు. ఆ తొమ్మండుగురి మండలిలో చేరే అవకాశం వర్తకులైన సంపన్నులకే ఉండేది. చేతిపనివారికి అందులో పాలు లేదు. 1355లో తిరుగుబాటు వచ్చి ఆ పాలన కూలిపోయింది. నేటికీ ఆ ఊరిలో పదిహేడు పేటలున్నాయి. వాటిని కొంత్రాద అంటారు. ప్రతి పేటకూ ఒక జెండా, ఒక గుర్తు. కొన్ని పేటల మధ్య తరతరాల వైరం. ఏటా జులై 2న, ఆగస్టు 16న ఈ మైదానం చుట్టూ మట్టి పరచి పాలియో అనే గుర్రపుపందెం నడుపుతారు. చోటు చాలదు గనుక పదిహేడు పేటలలో పదింటికే ఒక్కో పందెంలో అవకాశం. మూడు చుట్లు. స్వారీదారుడు పడిపోయినా గుర్రం ముందుగా వస్తే గెలుపే! పేటలు తమ వేరుతనాన్ని వదులుకోలేదు. కాని వైరమైనా సంబరమైనా ఆ నడిమి మైదానంలోనే తీర్చుకుంటారు. ఎవరి పేటలో వారు పందెం పెట్టుకుంటే ఓడించడానికి ఎదుటివాడే ఉండడు.

సాయంకాలం మళ్ళీ మైదానానికి వచ్చి ఆ వాలు మీద కూర్చున్నాము. ఇటుకలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. గోపురం నీడ మెల్లగా పక్కకు జరుగుతున్నది. ఆ మైదానంలో జరిగిన ఒక పాత సంగతిని భాయీసాబ్ తమ్ముడు ఉదయం బస్సులో మాకు చెప్పి ఉన్నాడు. 13వ శతాబ్దంలో ప్రొవెన్జానో సాల్వాని అనే మహా గర్వి ఈ నగరంలో పెద్ద అధికారం చెలాయించాడు. అతని మిత్రుడొకడు శత్రురాజుకు బందీ అయినాడు. విడుదలకు కోరిన సొమ్ము చాలా ఎక్కువ. ఆ గర్వి సిగ్గు విడిచి, ఈ మైదానంలో నిలబడి, వచ్చేపోయేవారిని బిచ్చమడిగి మిత్రుని విడిపించుకున్నాడు. మహాకవి దాంతే తన కావ్యంలో ఈ సంగతిని స్మరించాడు. ఆ ఒక్క పనివలననే అతనికి పరలోకంలో ఊరట కలిగినట్టు కవి భావన.

ఆ కథను తలచుకొనే కాబోలు, భాయీసాబ్ ఉన్నట్టుండి, "మియా, ఒక మాట అడుగుతాను. ఐదేండ్లుగా మనమిద్దరమూ ఒక్క పుస్తకానికి సంపాదకులము. మీరు వ్రాసిన వ్యాసాలు ఒక్కటైనా నేను చదవలేదు. నాకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరు నావి చదివారా?" అన్నారు.

ఈ వ్యాసకర్త వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. తరువాత చెప్పక తప్పలేదు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ. చదువుకున్నది తెలుగు మాధ్యమం. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కొని చదవగలడు గాని ఒక పుట పూర్తిచేసేసరికి చెమట పడుతుంది. ముస్లిం అయి ఉండి తెలుగు పంతులు ఎట్లా అయ్యావని ఒకవైపువారు అడుగుతారు. ముస్లిం అయి ఉండి ఉర్దూ చదవలేవా అని మరొకవైపువారు అడుగుతారు. రెండు ప్రశ్నలకూ నవ్వే సమాధానం. సంచికను ఎవరైనా ఉర్దూ అట్ట వైపు నుండి చేతికి ఇచ్చినప్పుడల్లా, కళ్ళద్దాలు మరచిపోయానని అబద్ధం చెప్పిన దినాలున్నాయి. సంచికలు వేరైతే ఆ అట్ట ఇక చేతికి రాదు. మా లేఖలో అచ్చుపని ఆలస్యం గురించి వ్రాశాము, ఖర్చు గురించి వ్రాశాము. ఇద్దరి మనస్సులోనూ ఉన్న అసలు కారణాన్ని వ్రాయలేదు. అది సిగ్గు.

భాయీసాబ్ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చేతిసంచి నుండి ఆ లేఖ తీసి, నాలుగు మడతలు పెట్టి, తిరిగి సంచిలోనే అడుగున వేశారు. "మీరు నాకు తెలుగు చదివి వినిపించండి, నేను మీకు ఉర్దూ చదివి వినిపిస్తాను. వీరు లాటిన్ రానివారి కోసం అంత పెద్ద గ్రంథం వ్రాయించారు. మనం ఒక్క పుట వ్రాయలేమా?" అన్నారు.

తిరిగివచ్చిన తరువాత ఆ లేఖను మేము సమర్పించలేదు. 2019 సంచిక నడిమి భాగంలో రెండు పుటలు చేర్చాము. ఒక విద్యార్థిని తెలుగులో వ్రాసిన చిన్న వ్యాసాన్ని ఉర్దూలోకి, ఒక విద్యార్థి ఉర్దూలో వ్రాసిన వ్యాసాన్ని తెలుగులోకి మార్చి, ఎదురెదురుగా పెట్టాము. తెలుగు ముందు మేము చదివి వినిపించేవారము, భాయీసాబ్ ఉర్దూలో చెప్పేవారు. తరువాత పని తారుమారు అయ్యేది. ఒక్కొక్క మాట కోసం ఎన్ని సాయంకాలాలు కూర్చున్నామో! మైదానం అనే మాట వచ్చినచోట మాత్రం ఇద్దరము నవ్వుకొని ముందుకు సాగేవారము.

2020లో కళాశాల మూతపడింది. సంచిక రాలేదు. 2021 మే నెలలో, రెండవ విడత కరోనాలో, భాయీసాబ్ మమ్మల్ని విడిచి వెళ్ళిపోయారు. జనాజాకు కూడా పదిమందికి మించి పోలేని దినాలవి.

ఆ దినాలలో సియెనా మాటిమాటికి జ్ఞాపకం వచ్చేది. 1348లో మహామారి ఆ నగరం మీద పడింది. ఆ నగర జనాభాలో సుమారు సగం మంది నశించి ఉంటారని చరిత్రకారుల అంచనా. అనియోలో ది తూరా అనే ఆయన తన ఐదుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చిపెట్టినట్టు ఆనాటి చరిత్రలో వ్రాసుకున్నాడు. సామరస్యదేవత ఒడిలో చిత్రికను ఉంచిన అంబ్రోజో కూడా ఆ మహామారిలోనే మరణించాడని భావిస్తారు. అంతకుముందు తలపెట్టిన బ్రహ్మాండమైన చర్చి విస్తరణ పని ఆగిపోయింది. దాని మొండిగోడలు నేటికీ నిలిచే ఉన్నాయి. కాని ఈ మైదానానికి ఇటుకలు పరచే పని ఆగలేదు. అది ముగిసిన సంవత్సరం 1349. సగం ఊరు శ్మశానమైన మరుసటి ఏడు, మిగిలినవారు వచ్చి, నేల మీద వంగి, తొమ్మిది భాగాలూ ఒక తూముకు వాలేటట్టు, చివరి ఇటుకలు పరచారు. గొప్ప కట్టడం ఆగినా ఫరవాలేదు, నలుగురూ కూర్చునే చోటు మాత్రం పూర్తి కావాలని వారికి తోచింది కాబోలు. ఆనాడు ఆ వెచ్చని ఇటుకల మీద కూర్చున్నప్పుడు ఆ సంవత్సరపు అంకె మాకు ఒక అంకె మాత్రమే. ఇప్పుడు దాని బరువు తెలుసు.

ప్రియ విద్యార్థులారా, కమిటీ పెద్దలారా! ఇన్నాళ్ళకు మళ్ళీ సంచిక వెలువడుతున్నది. తెలుగు, ఉర్దూ సంచికలను వేరు చేస్తే బాగుంటుందన్న ఆలోచన మళ్ళీ వచ్చినట్టు విన్నాము. ఆ ఆలోచన చేసినవారిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. అవే కారణాలతో, ఇంతకంటె మంచి శైలిలో, మేమే ఒక లేఖ వ్రాసి ఉన్నాము. అచ్చుపని ఆలస్యమవుతుందన్నది నిజం. ఖర్చు కొంత పెరుగుతుందన్నదీ నిజం. కాని సంచిక రెండైన నాడు, తెలుగు చదవలేని ఉర్దూ విద్యార్థికి గాని, ఉర్దూ చదవలేని తెలుగు విద్యార్థికి గాని, తాను చదవలేనిది ఒకటి ఉన్నదన్న సంగతే తెలియకుండా పోతుంది. చదవలేకపోవడం అంత పెద్ద లోపం కాదు. ఒకరు చదివి వినిపిస్తే తీరుతుంది. ఎదుటి పుటే లేకుండా చేసుకుంటే వినిపించమని అడిగేది ఎవరిని?

వేరు వేరు పేటలు ఉండనివ్వండి. వేరు వేరు జెండాలు ఉండనివ్వండి. నడుమ మైదానం మాత్రం ఉంచండి. రెండు పుటలు చాలు.

ఈ వ్యాసం మొదటి నుండి మేము అనే వ్రాస్తూ వచ్చాము. భాయీసాబ్ లేనప్పుడు మేమనడం వ్యాకరణరీత్యా తప్పని మీలో తెలుగు చదువుకున్నవారు అనవచ్చు. ఆ తప్పును దిద్దుకోవడానికి మాకు మనసొప్పలేదు. ఈ సంచికలోని నడిమి పుటలకు ఈసారి ఉర్దూ నుండి తెలుగులోకి మార్చడానికి మేము భాయీసాబ్ వ్యాసమొకటి ఎన్నుకున్నాము. ఒక్కొక్క పంక్తి కూడబలుక్కొని చదువుతున్నాము. చదవలేనిచోట ఉర్దూ శాఖ విద్యార్థులను పిలిచి, సిగ్గు విడిచి అడుగుతున్నాము. వారు ఓపికగా చెబుతున్నారు. దానికి ఎదురుగా ఉండవలసిన ఉర్దూ పుట ఇంకా ఖాళీగానే ఉన్నది. ఏదైనా ఒక తెలుగు రచనను ఉర్దూలోకి మార్చి ఆ పుటను నింపగలవారు మీలో ఉంటే, సాయంకాలం నాలుగు గంటల తరువాత తెలుగు శాఖకు రండి. పక్కన కూర్చుని చదివి వినిపిస్తాము.